లోటు కాగితంలో, కారణం కడుపులో

రక్తపరీక్ష కాగితంలో హిమోగ్లోబిన్ 9 అని కనబడగానే చాలామంది చేసే పని ఒకటే. మందుల షాపుకు వెళ్ళి బలానికని ఓ టానిక్కు తెచ్చుకుని రెండు నెలలు తాగుతారు. కాస్త ఓపిక వస్తుంది. ఆరు నెలలకు మళ్ళీ అదే 9! చిల్లికుండలో ఎన్ని నీళ్ళు పోస్తే మాత్రం ఏం లాభం?

డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ మగవారికి 13 గ్రాములు, ఆడవారికి 12, గర్భిణులకు 11 కంటే తగ్గితే రక్తహీనత అంటాం. రక్తం తక్కువని ఆ అంకె చెబుతుందే గాని, ఎందుకు తక్కువో చెప్పదు. అంచేత అదే కాగితంలో ఎం.సి.వి. అన్నచోట చూడండి. అది ఎర్రకణం సైజు. మామూలుగా 80 నుంచి 100 దాకా ఉంటుంది. 80 లోపుంటే ముందు ఇనుము లోపాన్నీ, 100 దాటితే బి12 లేదా ఫోలిక్ ఆమ్లం లోపాన్నీ అనుమానిస్తాం. రెండు రకాల లోపాలూ కలిసి ఉంటే సగటు మామూలుగానే కనబడి మోసం చేస్తుంది.

ఫెరిటిన్ అంటే ఒంట్లో ఇనుము నిల్వ. 15 కంటే తక్కువుంటే గాదె ఖాళీ అయినట్టే. జ్వరం, వాపు ఉన్నప్పుడు మాత్రం ఈ అంకె పెరుగుతుంది కనుక, బాగానే ఉందని మోసపోకూడదు. బి12 సాధారణంగా 200 లోపుంటే లోపం. 200, 300 మధ్య ఉంటే సందేహం. అప్పుడు మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్ష ఉపయోగపడుతుంది. బి12 చాలకపోతే అది రక్తంలో పేరుకుపోతుంది. మూత్రపిండాలు చెడినా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

మరి లోటు ఎక్కడిది? తిండి చాలకపోవచ్చు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం ఏవీ ముట్టనివారికి బి12 తగ్గుతుంది. కాని తిన్నది ఒంటికి పట్టకపోవడమూ, పట్టింది కారిపోవడమూ కడుపులో జరిగే పనులే. బి12 ఒంటబట్టాలంటే జీర్ణకోశంలో ఊరే ఒక ప్రోటీను కావాలి, చిన్నపేగు చివరి భాగం బాగుండాలి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, మంటకు ఆమ్లం తగ్గించే మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవారిలోనూ ఇది తగ్గవచ్చు. ఇనుము సంగతి వేరు. చెప్పుల్లేని కాళ్ళగుండా ఒంట్లో చేరే కొంకిపురుగులు పేగులో రక్తం తాగుతాయి. మొలలు, పుండ్లు రక్తాన్ని కార్చేస్తాయి. మగవారికి గాని, ముట్లుడిగిన ఆడవారికి గాని ఇనుము తగ్గిందంటే, జీర్ణాశయంలో, పేగులో పుండో, క్యాన్సరో లేదని తేల్చుకోవాల్సిందే. టానిక్కుతో అంకె పెంచుకుని ఊరుకుంటే విలువైన నెలలు చేజారిపోతాయి.

ఇంకొక ప్రమాదం. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఎంతో గొప్ప మందు. కాని బి12 లోపం ఉన్నవారు అదొక్కటే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తూలుతుంది. ఆలస్యమైతే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. గర్భిణులు తమకిచ్చిన ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇది చదివి మానకూడదు సుమా!

కనుక మాత్రలు మొదలుపెట్టకముందే పరీక్షకు రక్తం ఇవ్వండి. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పండి. మలం తారులా నల్లగా వస్తుంటే దాచకండి. ఐరన్ మాత్రలకూ నల్లబడుతుంది, ఆ తేడా చూసేది డాక్టరు. చివరగా, "నాకు ఏం తగ్గింది?" అని అడిగి ఊరుకోకండి, "ఎందుకు తగ్గింది?" అని కూడా అడగండి.