పదమూడేళ్ల ప్రశ్న

యూదు సంప్రదాయంలో మగపిల్లవాడికి 13 ఏళ్లు నిండితే ధర్మాచరణ బాధ్యత అతనిదే. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఆ సంప్రదాయాన్ని పాటిస్తున్న బెనె ఎఫ్రాయిం తెలుగు కుటుంబాలు కనిపిస్తాయి. మాదిగ మూలాలున్న వీరు 1990ల తొలినాళ్లలో అక్కడ ప్రార్థనా మందిరం ఏర్పరచుకున్నారు.

ఈశాన్య భారతంలోని బెనె మెనాషే సముదాయాన్ని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (మతగురువు) ఇజ్రాయెల్ వంశీయులుగా గుర్తించారు. బెనె ఎఫ్రాయింలకు ఆ గుర్తింపు దక్కలేదు. వీరి పిల్లలకు ఇక్కడ కులం అడ్డు, ఇజ్రాయెల్‌లో వంశం రుజువు అడ్డు. లోకం తనను అనుమానిస్తోందని తెలిసిన రోజునే పసితనం ముగిసిపోతుంది.

గుర్తింపు సంగతి మతపెద్దలు తేలుస్తారు. గౌరవం మాత్రం మన చేతిలోనే ఉంది. తామెవరో ఆ పిల్లలు చెప్పుకుంటే, ఆ మాట మన్నిద్దాం.