సాఫ్ట్‌వేర్ నింపని గళ్లలోనే ఉద్యోగం

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో తెచ్చిన 2025 చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. పాత చట్టంలో 819 సెక్షన్లుంటే కొత్తదాంట్లో 536. సెక్షన్ల నంబర్లు మారితే ఫారాలు మారతాయి, ఫారాలు మారితే సాఫ్ట్‌వేర్ మారాలి. ఈ మార్పుల బరువు ముందుగా పడేది ఖానాపూర్ లాంటి చిన్న పట్టణంలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని టీచర్లకు, ఎరువుల దుకాణాలవాళ్లకు, లోన్ కోసం తిరిగేవాళ్లకు రిటర్నులు వేసిపెట్టే ట్యాక్స్ కన్సల్టెంట్ల మీద. బీకాం పూర్తిచేసి నిర్మల్‌లోనో, కరీంనగర్‌లోనో అలాంటి ఆఫీసులో అసిస్టెంటుగా చేరదామనుకుంటున్న మీ మీద కూడా.

ఈ పని చేసేవాళ్లంతా ఒకే మాట మీద లేరు. ‘ఫారం ఎట్ల మారితే మాకేంది, కంపెనీ అప్‌డేట్ పంపిస్తది, నింపి ప్రింట్ తీసి ఇస్తం’ అనేవాళ్లు కొందరు. ప్రింట్ వరకైతే వాళ్లన్నదాంట్లో నిజం ఉంది. ఆదాయపు పన్ను శాఖ ఫారం స్కీమాను విడుదల చేస్తుంది. కంప్యూటాక్స్, విన్‌మ్యాన్ లాంటి సాఫ్ట్‌వేర్లు దాని ప్రకారం జేసన్ ఫైలు తయారుచేస్తాయి. పోర్టల్‌లోకి ఎక్కేది ఆ ఫైలే. క్లయింటు చేతికొచ్చేది ఒక పేజీ ఎక్నాలెడ్జ్‌మెంటు, దాంతోపాటు కంప్యుటేషన్ షీట్. తమాషా ఏమిటంటే ఈ కంప్యుటేషన్ షీట్ అసలు ప్రభుత్వ ఫారమే కాదు, సాఫ్ట్‌వేర్ వేసుకున్న లెక్క. అయినా లోన్ ఫైల్లో బ్యాంకులు దాన్ని అడుగుతాయి.

రెండోరకం వాళ్లు 2025 సీజన్‌ను గుర్తుచేస్తారు. ఆ ఏడాది ఐటీఆర్ ఫారాల్లో పెద్ద మార్పులు చేశారు. వాటికి తగ్గట్టు యుటిలిటీలు సిద్ధం చేయడానికి టైం కావాలంటూ కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డే మే 27న గడువును జులై 31 నుంచి సెప్టెంబరు 15కు జరిపింది. చివర్లో ఇంకో రోజు పెంచింది. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుల విషయంలో ప్రాక్టీషనర్ల సంఘాలు కోర్టుకే వెళ్లాయి. రాజస్థాన్ హైకోర్టు సెప్టెంబరు 24న గడువు పెంచమంది. మర్నాడే బోర్డు ఆ తేదీని సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 31కి మార్చింది. ఫారం ఏప్రిల్‌లో నోటిఫై అయినా, దాన్ని నింపే యుటిలిటీ రాకపోతే ఆఫీసులో కూర్చున్నవాడు చేయగలిగిందేమీ లేదన్నది వీళ్ల వాదన. నాకు ఇది న్యాయంగానే కనిపిస్తుంది.

అయితే ఉద్యోగం వెతుక్కునేవాళ్లు పట్టించుకోవాల్సింది గడువు గొడవ కన్నా ఆ ఫారంలో కొత్తగా వచ్చిన గళ్లను. అంతకుముందు పాత పన్ను విధానంలో 80సీ కింద లక్షన్నర అని ఒక అంకె వేస్తే సరిపోయేది. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ యుటిలిటీ పాలసీ నంబరో, డాక్యుమెంట్ నంబరో అడిగింది. ఆరోగ్య బీమాకు కంపెనీ పేరు, పాలసీ నంబరు కావాలంది. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి బ్యాంకు పేరు, లోన్ ఖాతా నంబరు, మంజూరు తేదీ చెప్పమంది. జీతం, టీడీఎస్ వివరాలు ముందే నిండి వస్తాయి. ఈ గళ్లు మాత్రం కాగితాలు తెప్పించుకుని, చూసి, మనిషే నింపాలి. ఫోన్ చేసి ‘సార్, రసీదు ఉందా?’ అని అడగాలి. లేదంటే ఆ క్లెయిమ్ వేయనని చెప్పాలి. చిన్న ఊళ్లో, రోజూ ఎదురుపడే మనిషికి ఆ మాట చెప్పడం తేలిక కాదు.

ఈ గళ్లు ఊరికే రాలేదు. రీఫండ్ ఎక్కువ తెప్పిస్తామని దొంగ మినహాయింపులు చూపే వ్యవహారంపై 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. రిటర్నులు తయారుచేసే మధ్యవర్తులే ఇందులో ఉన్నారని ప్రకటించింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది రిటర్నులు సవరించుకుని రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. తక్కువ జీతానికి చేరిన కుర్రాడు యజమాని చెప్పిన అంకె కొట్టేస్తే, నోటీసు వచ్చిన రోజు క్లయింటు ముందుగా వెతికేది ఆ కుర్రాడినే. కాబట్టి ఆఫీసులో చేరేముందు అక్కడ రసీదులు ఫైలు చేస్తారా లేదా కనుక్కోండి.

ప్రింట్ తీయడమే తెలిసిన పనికి ఏ గతి పడుతుందో ఫారం 16 చూస్తే అర్థమవుతుంది. దాని పార్ట్ బి ఒకప్పుడు యజమాని సాఫ్ట్‌వేర్‌లోనే తయారై ప్రింటయ్యేది. 2019లో ఫారం రూపం మార్చారు. 2018-19 ఆర్థిక సంవత్సరం నుంచి పార్ట్ బి కూడా ట్రేసెస్ పోర్టల్ నుంచే డౌన్‌లోడ్ చేయాలన్నారు. 24క్యూలో తప్పు పోతే ఆ తప్పే సర్టిఫికెట్‌లో ప్రత్యక్షమవుతుంది. అది పోవాలంటే కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయడం రావాలి.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. హైదరాబాద్‌లో అమెరికా ట్యాక్స్ పని చేసే ఆఫీసులు చాలా ఉన్నాయి కాబట్టి మనకు పనికొచ్చే సంగతే. 2018 సంవత్సరానికి ఫారం 1040ని పోస్టుకార్డు సైజు పేరుతో కుదించారు. అందులోంచి తీసేసిన వివరాలను ఆరు కొత్త షెడ్యూళ్లలో పెట్టారు. ప్రింట్ తీస్తే పేజీలు పెరిగాయి. మరుసటి ఏడాదే ఆరింటిని మూడుకు తగ్గించాల్సి వచ్చింది. ఆ రంగంలోకి వెళ్లాలనుకుంటే ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష ఉంది, మూడు భాగాలు. డిగ్రీ తప్పనిసరి కాదు.

ఇక్కడే ఉండేవాళ్లకు ఒక మాట. కామర్స్ లేదా లా డిగ్రీ ఉంటే పన్ను అధికారుల ముందు క్లయింటు తరఫున అధీకృత ప్రతినిధిగా హాజరుకావచ్చు. ట్యాక్స్ ఆడిట్ మాత్రం సీఏలే చేయాలి. కొత్త చట్టం పేరు చెప్పి పాత పుస్తకాలు అమ్మేసుకోకండి. 2026లో వేసే రిటర్ను 2025-26 ఆదాయానిది, అది పాత చట్టం కిందే. అదే సమయంలో 2026 ఏప్రిల్ నుంచి జీతాల టీడీఎస్ పాత 192 బదులు 392వ సెక్షన్ కింద, మిగతా చెల్లింపులవి 393 కింద నడుస్తాయి. అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట పోయి ట్యాక్స్ ఇయర్ వస్తుంది. ఆ కొత్త మాటతో మొదటి రిటర్ను వేసేది 2027లో. అప్పటిదాకా ఒకే టేబుల్ మీద రెండు చట్టాల ఫైళ్లు ఉంటాయి.