పాత సౌండుకార్డు: ఆటలకును, పాటలకును



ఇంటిలోని యంత్రములను గూర్చి ప్రతిమాసమును ముచ్చటించుకొను ఈ శీర్షికయందు ఈసారి కంప్యూటరులోని సౌండుకార్డును గూర్చి వ్రాయుచున్నాను. "అది మగపిల్లల యాటలకు సంబంధించిన వస్తువు; దానితో మనకేమి పని?" యని కొందఱు శంకింపవచ్చును. ఆటలకొఱకు కొన్న యా చిన్నపలకయే మన పెద్దల కంఠస్వరమును నిలుపగల సాధనమని తెలిసినచో ఆ శంక నిలువదు.

మన గోదావరిప్రాంతమున పాత పెట్టెలు తెఱచి చూచినచో కాసెట్టు లేని యిల్లరుదు. ఫిలిప్స్ సంస్థవారు 1963లో వెలువరించిన యీ కాసెట్టు తరువాతి దశాబ్దములలో ఇంటింటికిని వచ్చినది. పెండ్లిండ్లలోను, పేరంటములలోను, సీమంతములలోను మన తల్లులు పాడిన పాటలు వానిలో నున్నవి. మా యింటను అట్టిదొకటి కలదు. 1996వ సంవత్సరమున మా పెద్ద యాడుబిడ్డగారి వివాహమున మా అత్తగారు పాడిన అప్పగింతపాటలు అందున్నవి. ఆమె స్వర్గస్థురాలై పండ్రెండేండ్లయినది. నా పిల్లలు నాయనమ్మ మొగమును పటమున చూచిరి గాని ఆమె గొంతు నెఱుగరు.

కాసెట్టులోని టేపు సన్నని ప్లాస్టిక్కు పట్టీ. దానిపై అయస్కాంతశక్తిని గ్రహించు పొడి పూయబడియుండును. పాట యంతయు ఆ పొడియందే యున్నది. మన డెల్టాలోని చెమ్మకు టేపుపై తెల్లని బూజు పట్టును. టేపును ఒత్తి పట్టియుంచు చిన్న మెత్త ఊడిపోవును. అనేకపర్యాయములు వేయగా పొడియు అరిగి రాలును. కావున ఈ పాటల యాయువు పరిమితము.

"పాటలు పుస్తకములలో నున్నవి గదా" యందురేమో. నిజమే. నేదునూరి గంగాధరముగారివంటి పెద్దలు జానపదగేయములను శ్రమించి సేకరించి మనకు మహోపకార మొనర్చిరి. "ఊర్మిళాదేవి నిద్ర" మొదలగు స్త్రీలపాటలు అచ్చులో వెలసినవి. కాని అచ్చు మాటలను నిలుపునే గాని వరుసను నిలుపదు. ఒకే పాటకు ఒక్కొక్క యింట ఒక్కొక్క వరుస కలదు. పాడునామె ఎచ్చట ఊపిరి తీసికొనునో, ఎచ్చట గొంతు గద్గదమగునో కాగిత మెఱుగదు.

ఈ పాటలను కంప్యూటరులోనికి ఎక్కింపవలెనన్న, కాసెట్టుయంత్రమునుండి వచ్చు ధ్వనిని గ్రహించు ద్వారము కావలెను. నేటి ల్యాపుటాపులలో పెక్కింటికి ఉన్నది ఒక్కటే రంధ్రము. అదియు తలకు తగిలించుకొను ఫోనుకొఱకు ఏర్పడినది. పాత సౌండుకార్డునకో, నీలిరంగు రంధ్రమొకటి ప్రత్యేకముగ నుండును. దానికే "లైన్ ఇన్" అని పేరు. క్రొత్తగా యూఎస్‌బీ పరికరమును కొన్నను ఈ పని జరుగును. అయినను, అటకమీదనున్న కంప్యూటరులో ఆ ద్వార ముండగా వెల పెట్టి మఱియొకటి కొననేల?

ఈ కార్డు పుట్టుక చిత్రమైనది. మొదటి కంప్యూటరులకు "బీప్" మను కూత తప్ప వేఱు గొంతు లేదు. 1987లో కెనడా దేశమున ఆడ్‌లిబ్ అను కార్డు వెలువడి ఆటలకు సంగీతము నిచ్చినది. 1989లో సింగపూరునందలి క్రియేటివ్ టెక్నాలజీ వారు సౌండు బ్లాస్టరు అను కార్డును తెచ్చిరి. ఆ సంస్థను 1981లో స్థాపించినవారిలో ముఖ్యుడు సిమ్ వాంగ్ హూ; ఈయన 2023 జనవరిలో మరణించెను. సౌండు బ్లాస్టరునందు సంగీతముతోపాటు మైకు తగిలించు రంధ్రమును, ఆటకఱ్ఱ తగిలించు ద్వారమును ఒకే పలకపై నుండెను. కనుక ఆటయు, ధ్వనిలేఖనమును ఈ కార్డునకు కవలబిడ్డలు. పిల్లలు మొదటిదానిని మాత్రమే యెఱుగుదురు. రెండవదానిని మనము పెంచుకొనవలెను.

ధ్వని అంకెలుగా మాఱు విధమును ముగ్గుతో పోల్చి చెప్పెదను. మనము చుక్కలు పెట్టి వానిని కలుపుచు గీత తీయుదుము. చుక్కలు దగ్గఱగ నున్నకొలది వంపు సున్నితముగ వచ్చును. కార్డును అట్లే ధ్వనితరంగముపై చుక్కలు పెట్టును. సెకనునకు 44,100 చుక్కలు పెట్టుట సంగీతపు సీడీలకు ఏర్పడిన లెక్క. ఒక్కొక్క చుక్క యెత్తును కొలుచు మెట్లు 1989 నాటి కార్డులో 256 మాత్రమే. 1992లో వచ్చిన సౌండు బ్లాస్టరు 16 నందు 65,536. అందువలన పాటల పనికి 16 బిట్ల కార్డైనను ఉండవలెను.

ఇక పాతకార్డు పలుకకపోవుటకు సాధారణముగ మూడు కారణములు. ఒకటి పీట, రెండవది దుబాసి, మూడవది తలుపు. వీనిని వరుసగ పరీక్షింపుడు.

మొదటిది పీట, అనగా కార్డు కూర్చుండు గాడి. యంత్రమును ఆపి, గోడనుండి తీగను ఊడదీసి, పెట్టెలోని లోహభాగమును చేతితో తాకినపిదప కార్డును అంచులతో పట్టుకొని తీయుడు. బంగారురంగు పండ్లపై పట్టిన మసకను పెన్సిలురబ్బరుతో సుతారముగ తుడిచి, పొట్టు నూది, తిరిగి గట్టిగ కూర్చుండబెట్టుడు. వీలైనచో తెరకు సంబంధించిన కార్డునకు దూరముగనున్న గాడియం దుంచుడు, రొద తగ్గును. ఈ కార్డులు తఱుచుగ పీసీఐ అను గాడిలో కూర్చుండును. నేటి క్రొత్త యంత్రములలో ఆ గాడి దాదాపుగ లేదు. కనుకనే పాత డెస్కుటాపును త్రోసివేయరాదనుచున్నాను.

రెండవది దుబాసి. పూర్వము దొరల కొలువులో ఒకరి మాట నొకరికి తెలియజేయు దుబాసి యుండెడివాడు. కంప్యూటరునకును కార్డునకును నడుమ "డ్రైవరు" అను ప్రోగ్రాము ఆ పని చేయును. పాత దుబాసికి 32 బిట్ల విండోస్ భాష మాత్రమే వచ్చినచో, 64 బిట్ల విండోస్ కొలువున ఆతని మాట చెల్లదు. అప్పుడు కార్డు బ్రతికియే యున్నను మూగవలె నుండును. జనులు దానిని చచ్చినదని పాఱవేయుదురు.

ఈ సందేహమును తీర్చుటకు ఉచితమైన ఉపాయ మొకటి కలదు. లినక్సు అను వ్యవస్థను పెన్‌డ్రైవుమీదనో, డీవీడీమీదనో వేసికొని, దేనిని చెఱపకుండ అందుండియే కంప్యూటరును నడిపి చూడవచ్చును. లినక్సునందు అనేక పాతకార్డుల దుబాసీలు ముందే కొలువై యుందురు. అందు కార్డు పలికినచో దోషము కార్డుది కాదు, విండోసులోని దుబాసిది. అప్పుడు లినక్సులోనే పాటల పని చేసికొనవచ్చును. లేదా కార్డుతోపాటు వచ్చిన నాటి విండోసునే ఆ యంత్రమున ఉంచుకొనవచ్చును. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టువారి రక్షణ 2014 ఏప్రిలు 8వ తేదీతో ముగిసినది. కావున అట్టి యంత్రమును ఇంటర్నెట్టునకు కలుపక, పాటలకును ఆటలకును మాత్రమే వాడుడు.

మూడవది తలుపు. పెక్కు యంత్రములలో మదరుబోర్డునందు సొంత ధ్వనిసాధన మొకటి యుండును. పెట్టె ముందుభాగపు రంధ్రములు సాధారణముగ దానికే కలిసియుండును. మనము తగిలింపవలసినది వెనుకవైపున కార్డుమీదనే యున్న రంధ్రములకు. ఆకుపచ్చనిది స్పీకరుకు, గులాబిరంగుది మైకునకు, నీలిది లైన్ ఇన్‌కు. మఱియు వినుటకు ఒక మీట, వ్రాసికొనుటకు మఱియొక మీట కలవు. స్పీకరులో పాట వినబడినంతమాత్రమున అది లోపల వ్రాయబడుచున్నదని నమ్మరాదు. ధ్వనికి సంబంధించిన అమరికలలో "రికార్డింగ్" అను పుట తెఱచి "లైన్ ఇన్"ను ఎన్నుకొనవలెను.

ఇక ఆటల మాట. పాత డాస్ ఆటలు మొదలిడునపుడు కార్డు చిరునామా నడుగును. పోర్టు 220, ఐఆర్‌క్యూ 5 గాని 7 గాని, డీఎంఏ 1 అని చెప్పినచో తఱుచుగ పలుకును. కార్డే లేనిచో డాస్‌బాక్స్ అను ఉచిత ప్రోగ్రాము ఆ స్థానమున నిలుచును. అశ్వమేధమున సీతాదేవికి మాఱుగ స్వర్ణప్రతిమ నిలిచినట్లు, లేని సౌండు బ్లాస్టరునకు మాఱుగ ఈ ప్రోగ్రాము నిలిచి ఆటను మెప్పించును. 1989లో వెలువడిన "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" వంటి యాటలను పిల్లలకు అట్లు చూపవచ్చును. కొన్ని యాటలలో చప్పుళ్లు వినబడును గాని సంగీతము వినబడదు. సీడీనుండి నేరుగ సంగీతము వాయించు నా యాటలకు, పాత యంత్రములలో సీడీడ్రైవునుండి కార్డునకు సన్నని తీగ యొకటి పోవలెను. అది ఊడినదేమో చూడుడు.

2000 ప్రాంతపు ఆటలలో గుహలోనికి పోయినచో ప్రతిధ్వని, నీటిలో మునిగినచో మందధ్వని వినబడుట కార్డు మహిమయే. 2007లో ప్రజలకు విడుదలయైన విండోస్ విస్టానుండి ఆటలు కార్డుతో నేరుగ మాటాడు త్రోవ మూసివేయబడెను. సామాన్యధ్వని మిగిలినను ఆ విశేషములు మాయమైనవి. క్రియేటివ్ వారు "ఆల్కెమీ" యను ప్రోగ్రాముతో వేఱుత్రోవ కల్పించిరి. ఆ మాటకు రసవాద మని యర్థము, పేరు తగినదే.

పిల్లల యాటలో కార్డు చక్కగ పలికినచో మన పనికి పరీక్ష సగము ముగిసినట్లే. ఇక కాసెట్టును తీయుడు. ముందుగ దాని వీపుననున్న రెండు చిన్న ప్లాస్టిక్కు నాలుకలను విఱువుడు. దానితో పొరపాటున మఱియొక ధ్వని దానిపై ముద్రపడు భయము పోవును. బూజు కనబడినచో యంత్రమున వేయక, తెలిసినవారికి చూపుడు. లేనిచో ఒకసారి ఈ చివఱనుండి ఆ చివఱకు త్రిప్పి, తిరిగి మొదటికి తెండు. కాసెట్టుయంత్రపు శిరస్సును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన దూదిపుల్లతో తుడిచి ఆఱనిండు.

కాసెట్టుయంత్రపు "లైన్ అవుట్" గాని ఫోను తగిలించు రంధ్రము గాని నీలిరంధ్రమునకు కలుపుడు. గులాబిరంధ్రము మైకు పంపు అతిస్వల్పమైన విద్యుత్తునకు తగినట్లు ఏర్పడినది; అందు దీనిని కలిపినచో గొంతు పగిలి వినబడును. ఆడాసిటీ అను ఉచిత ప్రోగ్రామును తెఱచి ఒక నిమిషము మాత్రమే వ్రాయించి వినుడు. ధ్వనిమట్టము పైకొసను తాకుచున్నచో తగ్గింపుడు. కొస తెగిన స్వరమును తరువాత ఎవ్వరును అతుకలేరు. మెల్లగ వచ్చినదానిని మాత్రము పెంచుకొనవచ్చును. అటుపిమ్మట ఒక ప్రక్క మొత్తమును ఆపక నడపుడు. టేపు బుస్సుమను రొదను తగ్గించు సాధనమును అందే కలదు గాని, దానిని మితముగ వాడవలెను. అతిగ వాడినచో పాడినామె గొంతు డొల్లగ మాఱును.

రెండు చానెళ్లతో నిమిషమునకు సుమారు పదిన్నఱ మెగాబైట్ల చోటు పట్టును. అరువది నిమిషముల కాసెట్టు ఒక ప్రక్కకు సుమారు 317 మెగాబైట్లు. దీనిని "వేవ్" రూపమున మూలప్రతిగ నుంచి, బంధువులకు పంపుటకు ఎంపీ3 ప్రతిని వేఱుగ చేసికొనుడు. మూలప్రతిని ఒకచోట మాత్రమే దాచరాదు; ఒకటి మీ యింట, ఒకటి ఆడుబిడ్డ యింట, ఒకటి అన్నదమ్ముల యింట నుండనిండు. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము, సందర్భము తెలుగులోనే వ్రాసి జతపఱచుడు. పేరులేని గొంతు రెండు తరములకు పరాయిదగును.

మఱియొక మాట. కాసెట్టులేని యిండ్లలో పెద్దలు నేడును పాడుచున్నారు గదా! అదే కార్డు గులాబిరంధ్రమునకు దానికి తగిన మైకు తగిలించి, ఫ్యాను ఆపి, తలుపులు వేసి వారిచేత పాడింపుడు. మా సామర్లకోట జంక్షనులో చెన్నై-హౌరా బండ్లును కాకినాడ బండ్లును తిరుగుచుండును గావున, మేము కూతకును కూతకును నడుమ పాట ముగియునట్లు చూచుకొందుము. ఫోనులోనైనను పాడించి యుంచుకొనుట మేలే. అసలు లేకుండుటకన్న ఏదైనను మేలు.

మా యింటివారు ఉపాధ్యాయులు. బడులలోను ఇండ్లలోను పాత కంప్యూటరులు మూలపడుట మే మెఱుగుదుము. పాతయినుము కొనువానికి అప్పగించుటకు మున్ను మూత తీసి, వెనుకవైపున మూడు రంగుల రంధ్రములుగల పలక కలదేమో చూడుడు. "అబ్బాయి హైదరాబాదునుండి వచ్చినపుడు చూచును" అని వాయిదా వేయకుడు. అబ్బాయి సంక్రాంతికి వచ్చి మూడు దినములలో పోవును. టేపునకు పట్టిన బూజు పండ్రెండు నెలలును ఇంటనే యుండును. కుట్టుయంత్రమున దారము ఎక్కింపగల చేతికి ఈ తీగ తగిలించుట కష్టము కాదు. వానలు పట్టి చెమ్మ పెరుగకమునుపే మీ యింటి కాసెట్టులను పేరులు వ్రాసి వరుసగ పేర్చుకొనుడు. వానిలో ఇక పాడనివారి గొంతు దేనియందున్నదో దానినే మొదట వేయుడు.