ఎన్ని నీళ్ళ సారా?

జిన్ అనే మద్యానికి మన దేశంలో ఇటీవల క్రొత్త గౌరవం వచ్చినది. 2017 ప్రాంతంలో గోవాలో మొదలైన చిన్న జిన్ బట్టీలు ఇప్పుడు యాత్రాస్థలాలుగా మారినవి. రుసుము చెల్లించి లోపలికి వెళ్ళవచ్చు. రాగి బట్టీ ప్రక్కన నిలబడి ఫొటో తీయించుకొనవచ్చు. తయారీదారు స్వయంగా వచ్చి దినుసుల గుణగణాలు వివరిస్తాడు. మా విభాగంలోని యువ ఇంజనీరు ఒకరు సెలవులలో అటువంటి యాత్ర ముగించుకొని వచ్చి, "సార్, మన ఖరగ్‌పూర్ చుట్టుప్రక్కల ఇటువంటిది ఒక్కటైనా లేదు కదా" అని విచారం వెలిబుచ్చారు.

ఉన్నవి. ఒకటి కాదు, చాలా ఉన్నవి. వాటికి బోర్డులుండవు, రుసుము ఉండదు, ఫొటోలకు అనుమతి అసలే ఉండదు.

జిన్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. ధాన్యం నుండి గాని, మొలాసిస్ నుండి గాని తీసిన రుచీ వాసనా లేని ఆల్కహాలును జునిపర్ కాయలతోను, మరికొన్ని సుగంధ ద్రవ్యాలతోను కలిపి మరల బట్టీ పట్టగా వచ్చేది జిన్. మన ఆయుర్వేదం హపుష అని పేర్కొన్నది ఈ జునిపర్‌నే. ఈనాడు ఇది నాజూకు పానీయం. 18వ శతాబ్దపు లండన్‌లో మాత్రం ఇది పేదవాడి నాటుసారా. వీధి వీధినా కాచేవారు, వీధి వీధినా త్రాగి పడిపోయేవారు. హోగార్త్ అనే చిత్రకారుడు ఆ దుస్థితిని 1751లో ఒక ప్రసిద్ధ చిత్రంగా చెక్కాడు. అదే సంవత్సరం వచ్చిన చట్టం చిల్లర అమ్మకాలను గట్టిగా కట్టడి చేసినది. తరువాత చాలాకాలం పాటు 1800 లీటర్ల కంటె చిన్న బట్టీకి బ్రిటన్‌లో అనుమతి లభించడం దుర్లభంగా ఉండేది. 2009లో సిప్‌స్మిత్ అనే చిన్న సంస్థ అధికారులతో సుదీర్ఘంగా వాదించి ఆ అడ్డు తొలగించుకొన్న తరువాతనే అక్కడ చిన్న జిన్ బట్టీలు పుట్టగొడుగుల్లా వెలసినవి. గోవాకు చేరిన గాలి అటునుంచి వీచినదే.

మన ప్రాంతంలో ఆ గాలి ఇంకా వీచలేదు. ఇక్కడి ముడిసరుకు ఇప్పపువ్వు. బెంగాలీలో మహువా లేదా మహుల్, సంతాలీలో మత్‌కోమ్.

చైత్రమాసంలో ఒక ఆదివారం ఉదయం టాటానగర్ వైపు వెళ్ళే లోకల్ బండి ఎక్కి, కలైకుండా, ఖేమాసులి, సర్దిహా దాటి, సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఝాడ్‌గ్రామ్ చేరాము. ఎర్రని మొరం నేల, రెండు ప్రక్కలా సాల వనాలు. నా వెంట వచ్చిన మిత్రుడు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. వారి తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఇక్కడికి వలస వచ్చారు. మథురాకాటీలో పుట్టి పెరిగిన ఈయనకు తెలుగు, బెంగాలీ, హిందీలతో పాటు పనికి సరిపడా సంతాలీ కూడా వచ్చును. మేము చూడబోయిన ఇంటివారితో ఆయనకు చాలాకాలపు పరిచయం. ఆ గ్రామం పేరు వ్రాయను. కారణం చెప్పనవసరం లేదు. 1909 నాటి బెంగాల్ ఎక్సైజు చట్టం నేటికీ అమలులో ఉన్నది. లైసెన్సు లేకుండా సారా కాచడం దాని ప్రకారం నేరం.

ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. మిత్రుడు ఆవిడను "మాషీ" అని పిలుస్తాడు, అనగా పిన్ని. ఆవిడ మా ఇద్దరినీ "బాబు" అన్నది. నేను చదువుకొన్న పెద్ద ఇంజనీరునని మిత్రుడు పరిచయం చేయగా, ఆవిడ నావైపు ఒకసారి చూచి, నీళ్ళ కుండ మోయడానికి పురమాయించినది.

ఇప్పపూలు తెల్లవారుజామున రాలుతాయి. చెట్టు క్రింద ఆకులు ఊడ్చి శుభ్రం చేసి ఉంచితే, దట్టమైన లేత పసుపు పూరేకులు ద్రాక్షల్లా నేల మీద పరచుకొంటాయి. ఆడవారు, పిల్లలు బుట్టలతో ఏరుతారు. ఎండబెడితే గోధుమరంగు కిస్‌మిస్‌లా అవుతాయి. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరలే. కరువు కాలంలో ఇదే ఆహారమైన సందర్భాలు అనేకం. ఈ పువ్వును నీటిలో నానవేసి, వేరుముక్కలతోను బియ్యప్పిండితోను చేసిన పులియబెట్టే బిళ్ళలు కొంచెం కలిపి కొన్ని రోజులు ఉంచుతారు. మన వైపు దీనినే ఊట అంటాము. ఊట పులిసే రోజులలో దానిని ఇంటిలో ఉంచుకొనడానికి ఆవిడకు భయం. పోలీసుల వలన కాదు, ఏనుగుల వలన. దల్మా కొండల వైపునుండి దిగివచ్చే గుంపులు ఇప్పపువ్వు వాసనకు గోడలు పడగొట్టి మరీ త్రాగిపోతాయి. ఈ జంగల్ మహల్‌లో అది కట్టుకథ కాదు, ఏటా జరిగే నష్టం.

ఇక బట్టీ. పొయ్యి మీద ఊట ఉన్న పెద్ద మట్టికుండ. దాని మూతి మీద, అడుగున చిల్లులు పెట్టిన రెండవ కుండ. ఆ రెండవ కుండ లోపల చిన్న మట్టి ముంత. అన్నిటికి పైన, మూతవలె, గుండ్రని అడుగు కల అల్యూమినియం పాత్ర, దానినిండా చల్లని నీరు. సందులన్నీ తడిగుడ్డతోను బంకమట్టితోను మూసివేస్తారు. ఊట కాగినప్పుడు ఆవిరి చిల్లుల గుండా పైకి వచ్చి, చల్లని పాత్ర అడుగును తాకి చుక్కలై, ఆ గుండ్రని అడుగు కొసకు జారి, సరిగ్గా ముంతలో పడుతుంది. గొట్టం లేదు, చుట్ట లేదు, పంపు లేదు. బాయిలరు, కండెన్సరు, రిసీవరు ఒకే నిట్టనిలువు గీత మీద అమర్చబడి ఉన్నవి.

పై పాత్రలోని నీరు కొంతసేపటికి వేడెక్కుతుంది. ఆవిడ వ్రేలు ముంచి చూస్తుంది. వ్రేలు నిలవకపోతే ఆ నీరు తోడివేసి క్రొత్త నీరు పోస్తుంది. అలా మార్చిన ప్రతిసారి ప్రక్కన ఒక గులకరాయి పెడుతుంది. సారా ఘాటును ఇక్కడివారు ఈ లెక్కతోనే చెబుతారు. మూడు నీళ్ళది, అయిదు నీళ్ళది, ఏడు నీళ్ళది. మూడు నీళ్ళది ఘాటైనది, పెళ్ళిళ్ళకు. ఏడు నీళ్ళది పలుచనిది, పొలంపని ముగిసిన సాయంత్రాలకు.

ఇది నమ్మకమా, కొలతా? ఇంటికి వచ్చి కాగితం తీసుకొని కూర్చున్నాను. పాత్రలో 5 లీటర్ల నీరు 25 డిగ్రీల నుండి 60 డిగ్రీల వరకు వేడెక్కడానికి సుమారు 730 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడి అంతా ఆవిరి చుక్కలుగా మారినప్పుడు విడుదలైన గుప్తోష్ణమే. ఘాటైన తొలి ఆవిరి లీటరు ద్రవంగా మారేటప్పుడు విడుదలయ్యేది సుమారు 1550 కిలోజౌళ్ళు. అంటే ఒక పాత్ర నీరు దాదాపు అర లీటరు సారాను కొలిచి ఇస్తున్నది! ఇక ఘాటు సంగతి. 8 శాతం ఆల్కహాలు ఉన్న ఊట నుండి మొదట లేచే ఆవిరిలో దాదాపు సగం ఆల్కహాలే. ఊట 2 శాతానికి దిగజారిన తరువాత లేచే ఆవిరిలో అది అయిదవ వంతు మాత్రమే. పది లీటర్ల ఊటను లెక్కలోకి తీసుకొని, ఒక్కొక్క పాత్రకు వచ్చే సారాను, మిగిలే ఊటను అంచెలంచెలుగా గుణించి చూస్తే, మూడు నీళ్ళకు ముంతలోని సగటు ఘాటు 40 శాతం దాటి కొంచెం, అయిదు నీళ్ళకు 33 శాతం ప్రాంతం, ఏడు నీళ్ళకు 27 శాతం వచ్చినది. మన దేశంలో అమ్మే జిన్ సీసాల మీద సాధారణంగా కనిపించే అంకె 42.8 శాతం. ఆవిడ మూడు గులకరాళ్ళకూ ఆ అంకెకూ ఉన్న వ్యత్యాసం స్వల్పం. పైనుండి గాలికి పోయే వేడి, మట్టి సందులలోని కారుదల నా లెక్కలో లేవు. వాటి వలన అంకెలు కొంత మారుతాయి గాని వరుస మారదు. పరికరం లేని చోట పరికరం పని చేయించే ఈ ఉపాయాన్ని మన శిక్షణా తరగతులలో చెప్పదగినదని నా అభిప్రాయం.

ముంత తీయగానే ఆవిడ కొన్ని చుక్కలు బోంగాల పేర నేలమీద వదిలినది. మొదట వచ్చే చెడు భాగాన్ని తొలగించే శాస్త్రం ఇందులో దాగి ఉన్నదని కొందరు ఉత్సాహవంతులు చెబుతారు. నాకు అలా తోచలేదు. అన్ని చుక్కలూ ఒకే ముంతలో కలిసిన తరువాత పారబోసినందువలన వేరుపడేది ఏమీ లేదు. అది దేవతకు నివేదన, అంతే. ఒక ఆకుదొప్పలో నాకూ కొంచెం పోసినది. సంపాదకులను ఇబ్బంది పెట్టకూడదు గనుక వాసన చూచానని మాత్రమే వ్రాస్తున్నాను. పండిన పనసకూ తడిసిన పొగకూ మధ్య ఎక్కడో ఉన్నది.

మరి సారా మరణాల మాట? 2011 డిసెంబరులో ఇదే రాష్ట్రంలో, దక్షిణ 24 పరగణాల సంగ్రామ్‌పూర్ ప్రాంతంలో, కల్తీ సారా త్రాగి 170 మందికి పైగా మరణించారు. చంపినది మిథనాల్, పరిశ్రమలలో వాడే ద్రావకం. కాలేయం దానిని ఫార్మిక్ ఆమ్లంగా మార్చగా, మొదట చూపు పోయి, తరువాత ప్రాణం పోతుంది. పువ్వులోని పెక్టిన్ వలన ఊటలో కూడా మిథనాల్ పుడుతుంది గాని అత్యల్పం. ఇటువంటి మట్టికుండకు దానిని ప్రాణాంతకమైన మోతాదుకు చేర్చే శక్తి లేదు. పీపాలలో దొంగతనంగా తెచ్చి, నీరు కలిపి, సారా అని అమ్మేవాడే హంతకుడు. పువ్వు కొనలేనివాడు, కాచే తీరిక లేనివాడు, రాత్రికి రాత్రి వందల లీటర్లు అమ్మదలచినవాడు చేసే పని అది. చట్టం దృష్టిలో మాత్రం వాడూ, మాషీ ఒకే తరగతి.

ఈ తరగతి ఎప్పుడు ఏర్పడినది? కంపెనీ కాలం నుండి మద్యం ప్రధానంగా ఆదాయవనరు. కాంట్రాక్టరు నెలకు ఇంత అని కట్టి ఊరిలో బట్టీ పెట్టుకొనే ఔట్‌స్టిల్ పద్ధతి బెంగాల్‌లో ఎంత విచ్చలవిడిగా సాగినదంటే, 1883-84లో దానిపై ప్రత్యేక కమిషన్ వేయవలసి వచ్చినది. బొంబాయి ప్రభుత్వం మరొక అడుగు ముందుకు వేసి, 1892లో ఒక చట్టం ద్వారా ఠాణా, కొలాబా జిల్లాలలో ఇప్పపువ్వును ఏరి నిల్వ చేసుకొనడమే కట్టడి చేసినది. సారాను కాదు, పువ్వును! అడవిబిడ్డ ఆరోగ్యం మీద బెంగ కంటె సర్కారు డిస్టిలరీ అమ్మకాల మీద బెంగే అందులో ఎక్కువ.

అయితే తెలుగువారిగా మనం మరొక సంగతి మరువరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలైన స్త్రీలు సారాకు ఎదురు నిలిచినప్పుడు వారి ముందున్నది పాకెట్ సారా కాంట్రాక్టరు. కూలి డబ్బు ఇల్లు చేరకముందే అతని దుకాణంలో కరిగిపోయేది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలినది. మా మిత్రుని బంధువులలో కొందరు ఆ ఉద్యమంలో ఉన్నవారే. "ఇంటిలో కాచుకొన్నా తాగుబోతు తాగుబోతే" అని ఆయన బండిలో నాతో వాదించారు. ఆ వాదనకు నా వద్ద పూర్తి సమాధానం లేదు. మాషీ ఊరిలోనూ మధ్యాహ్నానికే చెట్టు క్రింద పడి ఉన్న మనిషిని చూచాము. కాని నేడు సర్కారు దుకాణంలో సీసా కొని త్రాగడానికి అనుమతి ఉన్నప్పుడు, పువ్వు ఏరి కాచే స్త్రీ ఒక్కతే నేరస్థురాలు కావడం మాత్రం నాకు న్యాయంగా కనిపించదు.

మార్గం లేకపోలేదు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, గిరిజన స్వయం సహాయక బృందాలకు తయారీ అవకాశం కల్పించినది. అలీరాజ్‌పూర్, దిండోరి జిల్లాలలో ఉత్పత్తి మొదలైనది. మన చిత్తూరు జిల్లాలో కిత్తలి జాతి మొక్క నుండి మద్యం తీసి 2011లో అమ్మకానికి తెచ్చిన చిన్న డిస్టిలరీ ఒకటి, కొన్నేళ్ళకు డెస్మండ్‌జీ అనే పేరుతోనే ఇప్పపూల మద్యాన్ని కూడా సీసాలలో నింపినది. అక్కడ లైసెన్సు ఉన్నది, ప్రయోగశాల ఉన్నది, లేబులు ఉన్నది. పువ్వు ఒకటే.

చిక్కు అంతా కొలతలోనే. దేశపు ఆహార భద్రతా సంస్థ 2018లో మద్య పానీయాలకు ప్రమాణాలు ప్రకటించినది. పది కుటుంబాలు కలిసి ఒక బృందంగా ఏర్పడి, ఒక ఊటకు ఒక నమూనా చొప్పున ఆల్కహాలు శాతం, మిథనాల్, సీసం, రాగి పరీక్షలు చేయించవలసివస్తే, ఒక్కొక్క నమూనాకు ఎంత ఖర్చు కాగలదు? ఆ ఖర్చు లీటరుకు పంచితే వారికి గిట్టుబాటు అవుతుందా? మట్టికుండ పై అల్యూమినియం పాత్రకు బదులు రాగి పాత్ర వాడితే వాసన మెరుగుపడుతుంది గాని పుల్లని ఆవిరికి రాగి ఎంత కరుగుతుంది? మన ప్రయోగశాలలోని మిత్రులు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ప్రక్కన కూర్చొని ఒక అంచనా వ్రాసి పంపితే, వచ్చే సంచికలో ఈ శీర్షిక క్రింద ప్రచురిస్తాను.