మందుకు ముందు పరీక్ష

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, తీవ్ర ఉబ్బసానికి పుట్టుక వేరు, నడక వేరు. మొదటిది కణాలు అదుపు తప్పి పెరగడం, రెండోది శ్వాసనాళాల్లో మానని వాపు. అయినా గత రెండు దశాబ్దాల క్లినికల్ పరిశోధన ఈ రెండింటి విషయంలోనూ ఒకే చోటికి చేరింది. ఒకే పేరున్న జబ్బు అందరిలోనూ ఒకటి కాదు. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో పరీక్షతోనే తేలాలి. చికిత్సకు వచ్చిన ప్రతి రోగికీ ఈ పరీక్ష అందకపోతే పరిశోధన ఫలితం సగమే దక్కినట్లు.

క్యాన్సర్ మందు జెఫిటినిబ్ చరిత్ర దీనికి మొదటి సాక్ష్యం. అమెరికాలో 2003లో అనుమతి పొందిన ఈ మాత్రను 1,692 మంది రోగులపై ప్లాసిబోతో (మందు లేని మాత్రతో) పోల్చి చూసిన అధ్యయనం 2005లో వెలువడింది. మొత్తం మీద ఆయుష్షు చెప్పుకోదగినంతగా పెరగలేదు. ఆసియా సంతతివారిలో, పొగతాగని వారిలో మాత్రం మేలు కనిపించింది. దానికి కారణమేమిటో 2004లోనే బోస్టన్ పరిశోధకులు చూపారు. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్న కణితులే ఈ మందుకు లొంగుతాయి.

మరి పొగతాగని ఆసియావాసులను ఎంచుకుంటే సరిపోతుందా? 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనం ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. తూర్పు, ఆగ్నేయాసియాలో 1,217 మందిని, పొగతాగని వారినీ గతంలో కొద్దిగా తాగి మానేసిన వారినీ, ఇందులో చేర్చుకున్నారు. జన్యు పరీక్ష ఫలితం తెలిసిన 437 మందిలో 261 మందికే ఆ మార్పు ఉంది. వారిలో జెఫిటినిబ్‌తో 71.2 శాతం మందికి కణితి తగ్గితే, కీమోథెరపీతో 47.3 శాతం మందికే తగ్గింది. మార్పు లేనివారిలో లెక్క తిరగబడింది: జెఫిటినిబ్‌తో 1.1 శాతం, కీమోథెరపీతో 23.5 శాతం. రోగి లక్షణాలను బట్టి ఊహించి మందు రాస్తే, మార్పు లేనివారికి పనిచేయని మాత్ర ఇచ్చి పనిచేసే చికిత్సను ఆలస్యం చేసినట్లవుతుంది.

భారతదేశం ఈ పరిశోధనలో ప్రేక్షకురాలు మాత్రమే కాదు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న 350 మందిపై, జెఫిటినిబ్ ఒక్కటే ఇవ్వడాన్నీ, దానికి కీమోథెరపీ జోడించి ఇవ్వడాన్నీ పోల్చింది. జబ్బు ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం మొదటి పద్ధతిలో 8 నెలలు, రెండో పద్ధతిలో 16 నెలలు. తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం సుమారు రెట్టింపయ్యాయి. జనరిక్ రూపంలో దొరికే పాత మందులతోనే ఇంత మేలు తేలడం మన రోగులకు ఎంతో విలువైన విషయం. ఖరీదైన కొత్త మాత్రలు కొనలేని కుటుంబాలకు దారి చూపేవి ఇలాంటి అధ్యయనాలే.

తీవ్ర ఉబ్బసంలో మెపోలిజుమాబ్ కూడా దాదాపు ఇదే దారిలో నడిచింది. ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పెంచి పోషించే ఐఎల్-5 అనే ప్రోటీన్‌ను ఈ ఇంజెక్షన్ అడ్డుకుంటుంది. ఈ కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా ఎంచుకున్న 362 మందిపై చేసిన ప్రయోగం 2007లో నిరాశపరిచింది. ఉబ్బసానికి ఈ మందు పనికిరాదని అక్కడితో వదిలేసి ఉండవచ్చు. అయితే 2009లో బ్రిటన్, కెనడా బృందాలు ఇయోసినోఫిల్స్ ఎక్కువగా ఉన్న రోగులనే ఎంచుకుని, 61 మందితో ఒకటి, 20 మందితో ఒకటి చిన్న ప్రయోగాలు చేశాయి. ఉబ్బసం తీవ్రంగా తిరగబెట్టడం తగ్గింది. 2014లో 576 మందితో చేసిన మెన్సా అధ్యయనంలో ఈ దాడులు ప్లాసిబోతో పోలిస్తే సుమారు సగానికి తగ్గాయి. అదే ఏడాది 135 మందిపై జరిపిన మరో ప్రయోగంలో రోజూ మింగే స్టిరాయిడ్ మోతాదు మధ్యస్థంగా 50 శాతం తగ్గింది. ఏళ్ల తరబడి స్టిరాయిడ్లు వాడితే మధుమేహం, ఎముకల బలహీనత, కంటిలో శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఈ తగ్గుదల చిన్నది కాదు.

ఈ ఫలితాలను మన దేశానికి యథాతథంగా తెచ్చుకోలేం. ఇక్కడ ఇయోసినోఫిల్స్ పెరగడానికి కడుపులో నులిపురుగులు, ఫైలేరియా కూడా కారణాలు. ముందు వాటిని పరీక్షించి నయం చేయాలి. ఆస్పర్జిల్లస్ అనే బూజుకు శరీరం అతిగా స్పందించడం వల్ల ముదిరే ఉబ్బసం మరొకటి. చండీగఢ్‌లోని పీజీఐ వైద్యులు అలాంటి 131 మంది రోగులపై స్టిరాయిడ్‌ను, బూజును అణచే మందు ఇట్రాకోనజోల్‌ను పోల్చారు. స్టిరాయిడ్‌ది పైచేయి అయినా, ఇట్రాకోనజోల్ కూడా ఎక్కువ మందిలో పనిచేసింది, దుష్ప్రభావాలు తక్కువ. అసలు మందుకు లొంగని ఉబ్బసమని తేల్చే ముందు రోగి ఇన్‌హేలర్‌ను సరిగ్గా పీలుస్తున్నాడో లేదో, రోజూ వాడుతున్నాడో లేదో చూడాలి. చాలామందికి అక్కడే సమస్య తీరిపోతుంది.

క్యాన్సర్ విషయంలో అడ్డంకి ఇంకా ముందే మొదలవుతుంది. ఎక్స్‌రేలో నీడ కనిపించగానే టీబీ అనుకుని మందులు మొదలుపెడితే విలువైన నెలలు కరిగిపోతాయి. బయాప్సీ చేసినా, తీసిన ముక్క చాలకపోతే జన్యు పరీక్ష కుదరదు.

కాబట్టి ప్రభుత్వ ఆరోగ్య పథకాలు మందు ఖర్చుతో పాటు దాన్ని ఎంచుకునే పరీక్ష ఖర్చునూ భరించాలి. జిల్లా ఆసుపత్రిలో తీసిన బయాప్సీ ముక్క ప్రాంతీయ ప్రయోగశాలకు చేరి, గడువులోగా ఫలితం తిరిగి వచ్చే ఏర్పాటు ఉండాలి. తీవ్ర ఉబ్బసానికి ఖరీదైన ఇంజెక్షన్ రాసేముందు ఇన్‌హేలర్ వాడకం, నులిపురుగులు, ఫైలేరియా, బూజు అలర్జీ పరీక్షలు తప్పనిసరి కావాలి. చవక మందులను, తక్కువ మోతాదులను పోల్చి చూసే ప్రయోగాలకు కంపెనీలు డబ్బు పెట్టవు. ఆ బాధ్యత ప్రభుత్వ పరిశోధనా నిధులదే.