దుఃఖానికి తిండి పథ్యమా?

సాయంత్రం ఐదు దాటిన పిమ్మట నాంపల్లి స్టేషను నుండి మొజంజాహీ మార్కెట్ మీదుగా ఆబిడ్స్ వరకు నడిచిన వారికి ఒక సంగతి బోధపడుతుంది. ఆ దారిలో ఆకలితో తినేవారు తక్కువ. అలసటతో, విసుగుతో, దిగులుతో తినేవారు ఎక్కువ. కోర్టులో కేసు మరల వాయిదా పడిన మనిషి ఇరానీ హోటలులో కూర్చుని చాయ్‌తో నాలుగు ఉస్మానియా బిస్కట్లు ముగిస్తాడు. పై అధికారి చేత మాటపడిన గుమాస్తా మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడిపోతాడు. పిల్లవానికి మార్కులు తగ్గాయని తెలిసిన తల్లి వాని పేరు చెప్పి మిఠాయి కొంటుంది. ఆ పొట్లం సగం ఆటోలోనే ఖాళీ అవుతుంది.

దుకాణాలను నిందించుట నా ఉద్దేశం కాదు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టులో పండ్ల ఐస్‌క్రీం, 1953 నాటి కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కట్లు, 1938లో మొదలై ఏటేటా నాంపల్లిలో జరుగుతున్న నుమాయిష్‌లోని చిరుతిండ్లు మన నగరానికి అలంకారాలే. నలుగురితో కలిసి నవ్వుతూ తిన్న తీపి గురించి నేను భయపడను. ఒంటరిగా, ఎవరూ చూడకుండా, రుచి కూడా తెలియకుండా తిన్న తీపి గురించే నా ఆందోళన.

చరకాచార్యులు విమానస్థానంలో ఆహార విషయమై ఎనిమిది అంశాలను పరిశీలించమన్నారు. ద్రవ్య స్వభావం, సంస్కారం, సంయోగం, పరిమాణం, దేశం, కాలం, తినే నియమం అనునవి మొదటి ఏడు. ఎనిమిదవది ఉపయోక్త, అనగా తినే మనిషి. ఈనాడు మనకు దొరికే ఆహార సలహా అంతా ఆ ఏడింటి దగ్గరే ఆగిపోతున్నది. ఎన్ని కెలోరీలు, ఏ నూనె, ఏ వేళ అనే ప్రశ్నలకు లోటు లేదు. ఎనిమిదవ వాని ముఖం వైపు చూసేవారే కరవు. గురుకులంలో మా గురువుగారు రోగిని "ఏమి తిన్నావు?" అని అడుగుటకు ముందు "ఎవరితో కూర్చుని తిన్నావు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నను నేను నేటికీ విడువలేదు.

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావచ్చును. స్థౌల్యానికి కారణాలు చెప్పుచు చరకసంహిత అచింతనమును, అనగా ఏ చింతా లేకుండుటను, ఒక కారణంగా పేర్కొన్నది. దిగులు మనిషిని శుష్కింపజేస్తుందనే పెద్దల మాట కూడా ఉన్నది. మరి నా వద్దకు వచ్చేవారిలో చింత గలవారే బరువు పెరుగుచున్నారేమి? చింత రాగానే మొదట ఆకలి చస్తుంది, అది నిజమే. కాని ఆ చింత నెలలు, సంవత్సరాలు సాగి, చేయి చాచిన దూరంలో బిస్కట్ డబ్బా ఉన్నప్పుడు వ్యవహారం తారుమారవుతుంది. అమెరికాలో మేరీ డాల్‌మన్ అను శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2003లో ఈ విషయమే ప్రతిపాదించారు: దీర్ఘకాలపు ఒత్తిడిలో శరీరంలోని స్రావాలు తీపి, కొవ్వు పదార్థాలపై కోరిక పెంచుతాయి, అవి తిన్నపుడు ఒత్తిడి కొంత అణగుతుంది. జర్మను భాషలో ఈ విధంగా చేరిన కొవ్వుకు "కుమ్మర్‌స్పెక్" అని ఒక మాటే ఉన్నది; దుఃఖపు కొవ్వు అని దాని భావం. కనుక ఇది మన ఊరి బలహీనత మాత్రమే కాదు.

అయితే కడుపులో చేరినదంతా జీర్ణం కాదు. మితంగా తిన్న పథ్యాహారమైనా చింత, శోకం, భయం, క్రోధం, రాత్రి జాగరణ ఉన్నవానికి అరగదని ఆచార్యుల మాట. అరగకముందే మరల తినుట అధ్యశనం. దిగులుతో తినేవాడు చేసేది ఇదే. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదనీ, మరో 13.6 కోట్ల మంది దాని గడప వద్ద ఉన్నారనీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. ఇందుకు దిగులే కారణమని నేననను. కాని గడప దగ్గర నిలిచిన వారికి రాత్రి పదకొండు గంటల మైసూరుపాకు చిన్న విషయం కాదు.

చరకం పదమూడు వేగాలను ఆపరాదని చెప్పినది. ఆ పదమూడింటిలో ఆకలి ఉన్నది, కన్నీరు కూడా ఉన్నది. లోభం, శోకం, క్రోధం వంటి మనోవేగాలను మాత్రం నిగ్రహించుకొనమన్నది. మన ఇళ్ళలో జరిగేది దీనికి తలక్రిందులు. ఏడుపు వస్తే "పదిమందిలో ఏమిటిది, ఊరుకో" అని ఆపుతాము. చేతిలో లడ్డు పెట్టి ఊరడిస్తాము. పసితనంలో నేర్పిన ఈ పాఠం నలభై ఏళ్ళు వచ్చినా మరపునకు రాదు.

రెండేళ్ళ క్రిందట అరవైకి చేరువలో ఉన్న ఒక ఇల్లాలు మోకాళ్ళ నొప్పులతో వచ్చింది. చక్కెర గడప మీద ఉన్నది, బరువు పెరుగుచున్నది. భోజనం అడిగితే అన్నీ మితమే. మరి కొంతసేపు మాట్లాడిన మీదట, "అయ్యా, నెలకు రెండుసార్లు సున్నుండలు చేస్తాను. అబ్బాయికి ఇష్టం" అన్నది. అబ్బాయి కాలిఫోర్నియాలో ఉన్నాడు. వచ్చి మూడేళ్ళయినది. మరి తినేదెవరమ్మా అని అడిగితే తల వంచుకున్నది. సాయంత్రం నాలుగు గంటలకు కొడుకు బాగా గుర్తు వస్తాడట. అప్పుడు అక్కడ తెల్లవారని రాత్రి. ఫోను చేయుటకు లేదు. డబ్బా తీస్తుంది.

సున్నుండలు మానమని నేను చెప్పలేదు. ఆ ఇంటిలో కొడుకు కొరకు జరుగుచున్న పని అదొక్కటే. దానిని కూడా తీసివేస్తే మిగిలేది శూన్యం. చేసిన నాడే నాలుగు ఉంచుకొని మిగిలినవి సమీపంలోని ఆడపిల్లల హాస్టలుకు పంపమన్నాను. నాలుగు గంటలకు, డబ్బాకు బదులు కాగితం తీసి, ఆ దినం జరిగినది కొడుకుకు ఉత్తరంగా వ్రాయమన్నాను. పంపినా, పంపకున్నా సరే. ఏడుపు వస్తే ఆపుకోవద్దమ్మా అని కూడా అన్నాను. బరువు అద్భుతంగా తగ్గిందని చెప్పను, కొద్దిగా తగ్గినది. వారంలో రెండు దినాలు డబ్బా గెలుస్తున్నదని ఆమే నవ్వుతూ చెబుతుంది. రాత్రి తినుట మాత్రం పోయినది, నిద్ర కుదిరినది.

ఆకలి దేహానిదా, మనస్సుదా అని తెలుసుకొనుటకు ఇంటిలో చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. ఆ సమయంలో చల్లారిన జొన్నరొట్టె, పప్పు పెడితే తింటారా? తింటామంటే అది ఆకలి. వెంటనే భోజనం చేయవలెను. బిస్కట్టే కావలెనంటే అది ఆకలి కాదు. అప్పుడు పావుగంట గడపవలెను. పలుచని మజ్జిగలో చిటికెడు శొంఠి, వేయించిన జీలకర్ర, కరివేపాకు వేసి నెమ్మదిగా త్రాగవచ్చును. రక్తపోటు ఉన్నవారు ఉప్పు వేయరాదు. సోంపు నమలవచ్చును. భోజనానంతరం తీపి పాన్ మాత్రం నేను చెప్పను. వక్కను 2004లోనే క్యాన్సరు కారకాలలో చేర్చారు. రాత్రి వంటింటి వైపు కాలు లాగేవారు గోరువెచ్చని నువ్వులనూనెతో పాదాలను పావుగంట మర్దించుకొని, జారకుండా తుడుచుకొని పడుకొనవలెను. ఈ చిట్కాలు దుఃఖాన్ని తీర్చవు. ఆ పావుగంటను దాటిస్తాయి, అంతే. బరువు కరిగించు చూర్ణాలని ఆయుర్వేదం పేరున అమ్మేవాటికి ఆ పని కూడా చేతకాదు.

మనస్సుకు కావలసినది తావు, తోడు. పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల క్రింద ఒకరితో కలిసి నడువవచ్చును. ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు వెదకుటలో రెండు గంటలు ఎట్లు గడచినవో తెలియదు. 1901 నుండి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పక్కనే సుల్తాన్ బజారులో ఉన్నది. ఖర్చు ఆటోకి మాత్రమే.

ఇంటివారికి ఒక మనవి. "ఇంకా తింటున్నావా?" అనే మాటతో ఏ ఒక్కరూ తినుట మానగా నేను చూడలేదు, చాటుగా తినుట నేర్చుకున్న వారిని చాలామందిని చూచాను. ఆ మాటకు బదులు పక్కన కూర్చుని, ఈ రోజు ఏమి జరిగిందని అడగండి.

ఇన్సులిన్, మధుమేహపు మాత్రలు వాడేవారు ఈ వ్యాసం చదివి భోజనం ఆలస్యం చేయరాదు. వణుకు, చెమట కలిగితే అది మనస్సు ఆకలి కాదు, వెంటనే తీపి తీసుకొనవలెను. దిగులు రెండు వారాలు దాటి విడువకున్నా, తిన్నది బలవంతంగా వాంతి చేసుకొనే అలవాటున్నా, చావు ఆలోచనలు వచ్చినా మానసిక వైద్యుని చూడవలెను. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడుతారు.