మడ మొక్కలకు ఒండ్రు ఏది?

సంపాదకులకు,



కృష్ణా ముఖద్వారంలో మడ అడవుల పెంపకంపై వార్త వచ్చినప్పుడల్లా ఎన్ని మొక్కలు నాటారో, ఎన్ని హెక్టార్లో రాస్తారు. ఆ మొక్క వేరూనే మట్టి ఎక్కడినుంచి వస్తుందన్న ఊసే ఉండదు. 1977 ఉప్పెన చూసిన మా దివిసీమకు, అలల ఉధృతిని తగ్గించే మడ నిలుస్తుందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

శ్రీశైలం జలాశయం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు, ఇప్పుడు 215. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు దిగింది. రెండు తెలుగు రాష్ట్రాలూ దీన్ని నీటి నష్టంగానే చూస్తున్నాయి. తగ్గిన మేరంతా నిండింది పూడికే కదా! అందులో లంకలకు, మొగలకు (నది పాయలు సముద్రంలో కలిసే చోట్లకు) చేరాల్సిన ఒండ్రు ఉంది. కృష్ణ ఏటా మోసుకొచ్చే ఒండ్రు 1960ల చివర్లో 90 లక్షల టన్నులుంటే, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. డెల్టా తీరం కోతకు గురవుతోందనీ చెప్పారు.

మట్టి రాకపోతే మొగలు లోతుగా ఉండాలి కదా అనేవాళ్లున్నారు. ఉండవు. నదిలో ప్రవాహం లేని నెలల్లో అలలు తెచ్చిన ఇసుక మొగకు అడ్డంగా మేట వేస్తుంది. దాన్ని నెట్టేసే వరద ఏటా రాదు. పోటు నీరు పాయల్లోకి సరిగా ఎక్కదు, ఎక్కిన నీరు పాటుకు పూర్తిగా దిగదు. పల్లాల్లో నిలిచిపోయి, ఎండకు ఆవిరై, తెల్లగా ఉప్పు పొర మిగులుతుంది. అక్కడ ఇలకూర పాకుతుందేమో గానీ మడ మొక్క బతకదు. మడ లేకపోతే రొయ్య పిల్లకు, మండపీతకు నీడ లేదు.

1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, అటవీ శాఖ స్థానికులతో కలిసి చేపముల్లు ఆకారంలో తవ్వించిన కాలువలు మాత్రం బాగా పనిచేశాయి. నడుమ పెద్ద కాలువ, రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు నీరు వచ్చి ఉప్పును కడుక్కుపోతుంది. కాలువల వెంట నాటిన మొక్క నిలబడుతుంది. అయితే ఆ కాలువలూ పూడతాయి. మడ అడవుల పెంపకానికి కేంద్రం 2023లో తెచ్చిన ‘మిష్టి’ పథకంలోనైనా నాటే ఖర్చుకన్నా ముందు పూడికతీత ఖర్చు రాయాలి.

ఆనకట్టలు కూల్చమని నేననను. అమెరికాలో ఎల్వా నదిపై రెండు డ్యాములు తీసేశాక ముఖద్వారంలో కొత్త నేల పడింది, నిజమే. వాటి కింద మన డెల్టాలాగా 13 లక్షల ఎకరాల ఆయకట్టు లేదు. చైనాలో పసుపు నదిపై షియావోలాంగ్‌ది జలాశయం నుంచి 2002 మొదలు లెక్క ప్రకారం నీళ్లు వదిలి పూడికను సముద్రం దాకా నెట్టిస్తున్నారు. మనకు పనికొచ్చేది ఆ దారి. మనమేమో ప్రకాశం బ్యారేజీ దాటిన ప్రతి చుక్కా వృథా అని వాపోతాం. పత్రికలూ అదే రాస్తాయి, మీదీ మినహాయింపు కాదు.

కృష్ణా నదీ యాజమాన్య బోర్డు నీటి లెక్కతో పాటు ఏటా ఒండ్రు లెక్కనూ ప్రకటించాలి. వరద బాగా వచ్చిన ఏడాది మొగలు తెరుచుకునేలా నీటిని ఉధృతంగా వదిలే ప్రణాళిక ముందే సిద్ధం చేసుకోవాలి. ఆ ప్రణాళిక రాసే ముందు జలవనరుల, అటవీ శాఖల అధికారులు నాగాయలంక వచ్చి మత్స్యకారులతో కూర్చోవాలి. ఏ మొగ ఎప్పుడు పూడిందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

– ఒక పాఠకుడు, అవనిగడ్డ